ప్రస్థానం సంచితో పాలమూరుకు

మా భజన మండలిలో ఈ ఏడు నలుగురి పిల్లలు డిగ్రీ పూర్తి చేస్తున్నారు. "సుశీలక్కా, నువ్వు మహబూబ్‌నగర్ పోయొచ్చినవు గద. ఆడికి తక్లీఫ్ లేకుంట పోవుడెట్ల, యూనివర్సిటీల తిరుగుడెట్ల, జర రాసియ్యి" అని ఆ తల్లులు నా వెంట పడ్డారు. ఇబ్బంది లేకుండా పోయివచ్చిన వాళ్ళను అడగాల్సిన మాట అది. అయినా నేను ఆ ఊళ్ళో ప్రతి మలుపూ రెండుసార్లు తిరిగాను కాబట్టి, చెప్పే అర్హత కొంత ఉందనే అనుకుంటున్నాను.

మాది హాలియా. ముప్ఫై ఏళ్ళుగా భజన, ఏకాదశి నాడు పారాయణం, పిల్లలకు శ్లోకాలు చెప్పడం, ఇదే నా లోకం. కొడుకు ఎరువుల దుకాణంలో పనిచేస్తాడు. కోడలు మౌనిక మా ఇంటికి వచ్చి రెండేళ్ళయింది. పేరుకే మౌనిక. వంట చేస్తూ రసాయన శాస్త్రం సూత్రాలు వల్లించే పిల్ల. నిరుడు పరీక్ష రాస్తే సీటు రాలేదు. ఈ ఏడు పట్టుబట్టి చదివి, మహబూబ్‌నగర్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు తెచ్చుకుంది. మా వాళ్ళు ఇప్పటికీ పాలమూరు అని పిలిచే ఊరే అది. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి సీటు ఖాయం చేసుకోవడానికి శుక్ర, శనివారాలు గడువు. శనివారం మధ్యాహ్నం ఒంటిగంట దాటితే ఆ సీటు వెనకవాళ్ళకు పోతుంది.

గురువారం: అండాలమ్మ దేవుని అర్ర

హాలియా నుంచి మహబూబ్‌నగర్ నేరుగా పడమర. శుక్రవారం పడమటి ప్రయాణానికి వారశూల, అంటే ఆ రోజు ఆ దిక్కుకు పోతే దోషం. పోనీ శనివారం పోదామంటే అది ఆఖరి రోజు, దారిలో బస్సు టైరు పగిలితే అంతే సంగతులు. ఇలాంటి చిక్కుకు పెద్దలు ప్రస్థానం అనే చక్కటి ఉపాయం చూపించారు. తెలియని చిన్నవాళ్ళ కోసం చెబుతున్నాను. మంచి రోజున, మంచి గడియలో, మనం పోయే దిక్కున ఉన్న ఇంకొకరి ఇంట్లో మన సంచి పెట్టి రావాలి. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే. మర్నాడు దోషమున్నా, సంచి అందుకుని సాగిపోవచ్చు. బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాల వేసి పెట్టుకున్నట్టన్నమాట.

"సంచిల ఏం పెట్టాలె అత్తమ్మా?" అంది మౌనిక.

"ఏది ముఖ్యమో అదే పెట్టాలె బిడ్డా. ఉత్త చీర పెడితే చీర పోతది, నువ్వు పోవు."

"అయితే సర్టిఫికెట్లే పెట్టాలె." కొంచెం ఆగి, "పైలంగ ఉంటయా?" అంది.

"దేవుని అర్రల ఉంటయి. అంతకన్న పైలం జాగ యాడున్నది?"

మా వీధికి పడమటి కొసన ఉండేది అండాలమ్మ. సాయంత్రం దీపాల వేళకు ముందే, ఫైలును కొత్త చీరలో చుట్టి, పైన గుప్పెడు బియ్యం పోసి, పసుపు రంగు గుడ్డ సంచిలో పెట్టి ఆమె ఇంటి దేవుని గదిలో ఉంచి వచ్చాం. ఒకసారి పెట్టాక ఆ సంచి చేతులు మారకూడదు, చేరాల్సిన చోటు చేరేదాకా విప్పకూడదు. మా మండలిలో అందరికీ ఈ నియమం నేర్పింది నేనే. నేర్పినంత బాగా నేర్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారని తర్వాత తెలిసింది.

శుక్రవారం: ఒకటే రోడ్డు, మూడు బస్సులు

తెల్లవారుజామున అండాలమ్మ తలుపు తీసింది. దేవుని అర్రలో పీట మీద రెండు పసుపు సంచులున్నాయి. రెండూ హాలియాలోని ఒకే చీరల దుకాణానివి. ఆ దుకాణం సంచి లేని ఇల్లు మా ఊళ్ళో లేదు.

"ఎడమ దిక్కుది మీది సుశీలా," అంది ఆమె ఆవలిస్తూ. ఎడమ వైపు సంచి తీసుకుని, కళ్ళకద్దుకుని బయలుదేరాం.

దారి గురించి మీకు దిగులే వద్దు. హాలియాలో ఎక్కిన రోడ్డే మహబూబ్‌నగర్ దాకా పోతుంది. దేవరకొండలో ఒకసారి, కల్వకుర్తిలో ఒకసారి బస్సు మారాలి. ఆడవాళ్ళకు టికెట్టు లేదు కాబట్టి ఆధార్ కార్డు చేతిలోనే ఉంచుకోండి. నేను కార్డును పసుపు, కుంకుమ భరిణెల కింద దాచి, కండక్టరమ్మను రెండు స్టేజీలు నిలబెట్టాను. "నీ కార్డు ఎల్లేలోపల దేవరకొండ ఎల్తది గదమ్మా!" అని ఆమె నవ్వింది.

మల్లేపల్లి దాటేదాకా మనకు తెలిసిన లోకమే, కాలువ, వరి, కొంగలు. ఆ తర్వాత పచ్చదనం తగ్గి, ఎర్ర నేల, పత్తి చేలు, గుండ్రాళ్ళ గుట్టలు మొదలవుతాయి. కల్వకుర్తి బస్టాండులో మా భజన వాళ్ళు అంజయ్య దంపతులు చాయ్ ఫ్లాస్కుతో ఎదురొచ్చారు. మా పరిచయాలు అక్కడితో సరి. కల్వకుర్తి దాటితే మమ్మల్ని ఎరిగిన తాళం చప్పుడు లేదు.

జడ్చర్లలో బస్సు ఆగితే సీతాఫలాల గంపలు కిటికీల కిందికి వచ్చాయి. మా దగ్గర కిలో లెక్కన తూచి ఇస్తారు. ఇక్కడ అమ్మే ఆమె తూకం గురించి అడగనే లేదు.

"ఇయ్యాల తింటవా, రేపు తింటవా, ఎల్లుండి తింటవా?"

"ఇయ్యాల రెండు, రేపు నాలుగు," అన్నాను.

ఆమె కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. చేతులు మాత్రం గంపలో తిరిగి ఆరు పండ్లు ఏరాయి. "గీ రెండు ఇయ్యాల్టియి. గీ నాలుగు ముట్టకు, రేపటికి వాటంతటవే పిలుస్తయి," అంది. పంచాంగం చూసి ముహూర్తం పెట్టేవాళ్ళలో కూడా ఇంత నమ్మకం నేను చూడలేదు. చెప్పినట్టే ఆ రెండూ అప్పటికప్పుడు తేనెలా ఉన్నాయి.

కుర్మయ్య

మహబూబ్‌నగర్ బస్టాండు బయట ఆటోలు బారులు తీరి ఉన్నాయి. ముందున్న ఆటో అతనికి యాభై ఏళ్ళుంటాయి, తలకు గళ్ళ రుమాలు. పేరు కుర్మయ్య అని తర్వాత తెలిసింది.

"కాలేజికి ఎంత?" అన్నాను.

"ఏ కాలేజమ్మా? డిగ్రీ కాలేజా, మెడికల్ కాలేజా, ఇంజనీరింగా? ఈ ఊర్ల ఉత్త కాలేజి అనేది లేదు. పేరు సరిగ్గ చెప్పకుంటే ఎవలకు తోచిన కాడ వాళ్ళు దింపుతరు."

"యూనివర్సిటీ," అంది మౌనిక.

"గట్ల చెప్పు. రాయచూరు రోడ్డు మీద, ఊరి అవతల. నూట ఇరువై."

"అరవై ఇస్తం," అన్నాను.

"అరవైకి మీ సంచిని తీస్కపోత. మీరు నడిసి రాండ్రి."

వందకు తెగింది. రోడ్డు దాటి అవతల నిలబడితే మనిషికి ఇరవైకే షేరింగ్ ఆటో దొరుకుతుందని ఎక్కాక ఆయనే చెప్పాడు. "ఎక్కకముందు చెప్పొచ్చు గద?" అంటే, "ఎక్కకముందు చెప్తే మీరు ఎక్కుతరా?" అన్నాడు. మీరైతే అవతలే నిలబడండి.

బొంబాయిలో పన్నెండేళ్ళు ఇళ్ళ కట్టుబడి పని చేసి వచ్చాడట. "మొదటి దినం స్టేషన్ల దిగి, పొద్దంత అదే సందుల తిరిగిన. ఊరు తెల్వనోని తక్లీఫ్ నాకు తెలుసు," అన్నాడు. తెలిసి కూడా వంద ఎందుకు తీసుకుంటున్నావని నేను అడగలేదు.

కౌంటరు దగ్గర

యూనివర్సిటీ విశాలంగా, గాలి ఆడుతూ బాగుంది. గేటు నుంచి ఆఫీసుకు నడక చాలానే ఉంది, ఎండాకాలం పోయేవాళ్ళు గొడుగు పట్టుకుపొండి. కౌంటర్లో కళ్ళద్దాల మేడం ఒకామె మౌనిక పేరు చూసుకుని, "ఒరిజినల్స్ ఇయ్యమ్మా," అంది.

చేరాల్సిన చోటు చేరాం కాబట్టి సంచి విప్పవచ్చు. నేనే స్వామిని తలచుకుని ముడి విప్పి, బల్ల మీద ఒక్కొక్కటే పెట్టాను. ఒక తెల్ల పంచె వచ్చింది. తర్వాత ఒక కండువా. తర్వాత విభూతి పొట్లం. ఆఖరున చిన్న గుడ్డలో చుట్టిన రెండు వెండి కండ్లు.

మేడం ఆ వెండి కండ్లను చూసింది, అవి ఆమెను చూశాయి.

"అమ్మా, నేను మార్కుల మెమో అడిగిన," అంది.

అండాలమ్మకు ఫోన్ చేస్తే సంగతి తేలింది. ఆ పొద్దున ఆమె దేవునికి వీపు పెట్టి, మాకు ఎదురుగా నిలబడి ఉంది. ఆమె ఎడమ మా కుడి. రెండో సంచి లింగయ్య మామది. మా మండలిలో తాళం వేసే పెద్దాయన. కంటి ఆపరేషన్ బాగా జరిగినందుకు శ్రీశైలం మల్లన్నకు వెండి కండ్లు మొక్కుకున్నాడు. దేవరకొండ దాకా ఆయనదీ పడమటి దారే కాబట్టి, ఆయనకూ గురువారమే మంచి రోజని చెప్పింది, అండాలమ్మ ఇంట్లోనే ప్రస్థానం పెట్టమన్నది ఎవరో కాదు, నేనే.

"మరి ఆ సంచి యాడున్నది అండాలమ్మా?"

"ఇంకేడిది! తిని పది గంటలకే ఎల్లిపాయె. దేవరకొండల శ్రీశైలం బస్సెక్కుతడు."

లింగయ్య మామ ఫోన్ బంద్ ఉంది. ఛార్జింగు అరిగిపోతుందని, తను మాట్లాడాలనుకున్నప్పుడే ఆయన దాన్ని తెరుస్తాడు.

"రేపు ఒంటిగంట దాక నేను ఈడనే ఉంట," అంది మేడం, పంచె మడత పెట్టి ఇస్తూ. "ఒకటి దాటినంక నా చేతుల ఉండదమ్మా. వెయిటింగుల ఉన్నోళ్ళు గూడ పిల్లలే గద."

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాం. మౌనిక నన్ను తిట్టినా బాగుండేది, నేను శాస్త్రం చెప్పి వాదించేదాన్ని. ఆ పిల్ల మాత్రం రేపు తినమన్న సీతాఫలాన్ని ఇవాళే నొక్కి చూస్తూ కూర్చుంది.

దేవరకొండలో ఏం జరిగిందంటే

ఈ భాగం నేను చూసింది కాదు. చేసిన మనిషి నోటి నుంచే విన్నాను.

దేవరకొండ బస్టాండు ఎదురుగా గాజుల దుకాణం పెట్టుకున్న యాదమ్మ మా భజన స్నేహితురాలు. నేను ఫోన్ చేసేసరికి శ్రీశైలం బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఆమె దుకాణం అలాగే వదిలి పరుగెత్తింది. లింగయ్య మామను ఆమె ఎప్పుడో ఒక ఏకాహంలో, ఒక పగలు ఒక రాత్రి సాగిన భజనలో చూసింది. ముఖం గుర్తు లేదు. బస్సు నిండా ముసలివాళ్ళు, సగం మంది ఒళ్ళో పసుపు సంచులు. "లింగయ్య తాతా!" అని కేక వేస్తే ఇద్దరు పలికారు. శ్రీశైలం పోయే బస్సులో లింగయ్యలకు కరువా! ఇద్దరూ మనవాళ్ళు కాదు. అసలు లింగయ్య వెనక సీట్లో ముఖం మీద తువ్వాల కప్పుకుని నిద్రపోతున్నాడు.

డ్రైవరు హారన్ కొట్టాడు. అప్పుడు యాదమ్మకు బుద్ధి పుట్టింది. బస్సు మెట్ల మీద నిలబడి, చేతులతో తాళం వేస్తూ, గొంతెత్తి నామం అందుకుంది. కావాలనే చరణం దగ్గర ఒక దెబ్బ ఎగ్గొట్టింది. రెండోసారీ అక్కడే ఎగ్గొట్టింది. మూడోసారికి వెనక సీటు నుంచి తువ్వాల ఎగిరిపడింది.

"ఎవలమ్మా గది? నామం పాడుతున్నవా, పప్పు దంచుతున్నవా? ఆ దెబ్బ యాడ పోయింది?"

"నువ్వే గద లింగయ్య తాత!" అని యాదమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

సంగతంతా చెప్పి సంచి ఇమ్మంటే ఆయన ఇవ్వలేదు. "ప్రస్థానం పెట్టిన సంచి చేతులు మారొద్దు. సుశీలమ్మనే చెప్పింది," అన్నాడు. "పోనీ ఒకసారి విప్పి, కాగితాలున్నయో లేవో చూడు," అంటే, "మధ్యల ఇప్పొద్దు. గది గూడ సుశీలమ్మనే చెప్పింది," అన్నాడు.

ఫోన్లో నేను బతిమాలాను. "మామా, నేనే చెప్తున్న, ఇప్పు. ఏం గాదు."

"మొన్న చెప్పిన సుశీలమ్మ మాట ఇనాల్నా, ఇయ్యాల చెప్పే సుశీలమ్మ మాట ఇనాల్నా?" అన్నాడాయన. "నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా. సంచి, నేను ఇద్దరం వస్తం. మల్లన్న యాడికి పోతడు? నా కండ్లు ఎట్లాగు నీ కాడనే ఉన్నయి."

శ్రీశైలం బస్సు దిగి కల్వకుర్తి బస్సెక్కాడు. చీకట్లో కొత్త ఊళ్ళో దిగడం ఎందుకని, ఆ పూట అంజయ్య ఇంట్లో ఉండి, పొద్దున్నే మొదటి బస్సుకు వస్తాడు.

మేము రైల్వే స్టేషన్ దగ్గర ఒక సత్రంలో దిగాం. శుభ్రంగా ఉంటుంది, నీళ్ళకు లోటు లేదు. దీపం వేళ నేను గోడకున్న పటం ముందు కూర్చుని ఒకటే మొక్కుకున్నాను. "స్వామీ, నియమం నాది, సీటు దానిది. తప్పు పట్టుకునేదుంటే నన్ను పట్టుకో."

శనివారం: ఉల్లిగడ్డ లేని ఉగ్గాని

శనివారం నేను ఉల్లి ముట్టను. మౌనిక కోసం బస్టాండు పక్క హోటల్లో ఆగాం. అక్కడ ఇడ్లీ కంటే ఉగ్గాని ఎక్కువ చెల్లుతుంది. బొరుగులను, అంటే మరమరాలను, నీళ్ళలో తడిపి, పిండేసి, పోపు పెట్టి, మిర్చి బజ్జీతో ఇస్తారు. నలభై రూపాయలకు కడుపు నిండుతుంది.

"ఉల్లిగడ్డ లేకుండ ఉంటదా?" అని నా తృప్తి కోసం అడిగాను.

"ఉల్లిగడ్డ లేకుంటే గది ఉగ్గాని గాదమ్మా, తడిసిన బొరుగులు," అన్నాడు హోటలాయన, నొచ్చుకున్నట్టు.

ఎనిమిదిన్నర నుంచి కల్వకుర్తి వైపు బస్సులు చూస్తూ నిలబడ్డాం. తొమ్మిదిన్నర బస్సులో లింగయ్య మామ లేడు. పది గంటల బస్సులోనూ లేడు. అంజయ్యకు ఫోన్ చేస్తే, "మొదటి బస్సుకే ఎక్కిచ్చిన గదక్కా! నా కండ్లార చూసిన," అన్నాడు. పదకొండయింది. మౌనిక సూత్రాలు వల్లించకుండా ఇంతసేపు ఉండటం నేనెన్నడూ చూడలేదు.

అంతలో నిన్నటి గళ్ళ రుమాలు కనిపించింది. "ఇంక పోలేదా అమ్మా?" అన్నాడు కుర్మయ్య. సంగతి చెప్పాను.

"ముసలాయనా? ఒంటిగ వస్తుండా? కాలేజి అని అడుగుతడా, యూనివర్సిటీ అని అడుగుతడా?"

"యూనివర్సిటీ అనే మాట ఆయనకు నోరు తిరగదు. పెద్ద కాలేజి అంటడు," అంది మౌనిక.

కుర్మయ్య రుమాలు బిగించాడు. "ఎక్కుండ్రి. బస్టాండు దాక రాకుండ, ఊరు రాంగనే అందరితోని దిగి ఉంటడు. ముసలాయన, చేతుల సంచి, పెద్ద కాలేజి అన్నడు. మావోళ్ళు ఇంకేడికి కొంటవోతరు? సీదా మెడికల్ కాలేజి దవాఖానకే."

అలాగే అయింది. దవాఖాన చీటీల వరసలో, పసుపు సంచిని పసిపిల్లలా ఎత్తుకుని లింగయ్య మామ నిలబడి ఉన్నాడు. చేతిలో అప్పటికే ఒక చీటీ ఉంది.

"వచ్చినవా బిడ్డా! ఇది ఏం కాలేజి? అందరు మూలుగుతున్నరు. నా కండ్లు సుశీలమ్మ కాడ ఉన్నయంటే, కండ్ల డాక్టరు కాడికి పొమ్మని చీటి రాసిచ్చిండ్రు."

కుర్మయ్య ఆటోను ఎట్లా తోలాడో నేను రాయను, అతనికి లైసెన్సు అవసరం. పన్నెండూ నలభైకి కౌంటరు ముందున్నాం. మౌనిక సంచి మీద చెయ్యి వేయబోతే మామ అడ్డుకున్నాడు.

"ఆగు. ప్రస్థానం ఇప్పేటప్పుడు నీళ్ళు చల్లాలె."

వెనక వరసలో ఉన్నవాళ్ళు గొణుగుతున్నారు. గడియారం నడుస్తోంది. ఆపడానికి లేదు, అదీ నేను చెప్పిందే. కళ్ళద్దాల మేడం ఒక్క క్షణం ఆయనను చూసి, తన బల్ల మీది నీళ్ళ సీసా మూత తీసి కిటికీలోంచి అందించింది. ఆయన మూడు చుక్కలు చల్లి, గుడి గడప ముందు నిలబడ్డట్టు నిలబడి ముడి విప్పాడు. చీర, అందులో ఫైలు, ఫైలులో ఒక్క మడత కూడా పడని కాగితాలు. మేడం ఒక్కొక్కటి చూసి, ఫైలు మీద పడిన బియ్యం గింజలు చేతిలోకి తీసుకుని, వాటిని ఏం చేయాలో తోచక తన పెన్నుల డబ్బాలో వేసుకుంది.

"అయిపోయింది పో బిడ్డా. సోమవారం నుంచి క్లాసులు."

ఒంటిగంటకు ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. మౌనిక లింగయ్య మామ కాళ్ళకు మొక్కింది. మామ తన వెండి కండ్లు తీసుకుని, గుడ్డ విప్పి చూసుకుని, మళ్ళీ చుట్టుకున్నాడు. ఆ పూటే శ్రీశైలం బస్సెక్కాడు. శనివారం తూర్పుకు శూల కదా అంటే, "నేను పోయేది దక్షిణం. జర తూర్పు దిక్కుకు ఒంగుతదేమో, గది బస్సు ఇష్టం," అన్నాడు.

జొన్నరొట్టె

శనివారం నాకు ఒకే పూట భోజనం. ఎక్కడ తినాలని వెతుకుతుంటే కుర్మయ్య, "మా ఇంటికి రాండ్రి. నా భార్య ఉల్లిగడ్డ లేకుండ చేస్తది," అన్నాడు. అతని ఇల్లు యూనివర్సిటీకి దగ్గరే, రెండు గదులు. భార్య బాలమణి పొయ్యి ముందు కూర్చుని, పిండి ముద్దను రెండు చేతులతో తడుతూ జొన్నరొట్టె చేసింది. చప్పుడు విని లెక్క పెడితే తాళం తప్పలేదు. మా కాలువ కింది ఊళ్ళలో రెండు పూటలా అన్నమే. రొట్టె తింటే జ్వరమొచ్చిందా అని అడుగుతారు. ఇక్కడ బాలమణి నన్ను, "ఒట్టి అన్నం తిని గంత దూరం ఎట్లొచ్చినవక్కా?" అని అడిగింది. రొట్టె మీద పల్లీల పొడి, పక్కన గోంగూర పప్పు. రెండు తిని మూడోది అడిగాను. ఉపవాసం పేరు చెప్పి మూడు రొట్టెలు తినడం శాస్త్రంలో ఉందా అని మౌనిక అడిగింది. నోరు మళ్ళీ తెరుచుకున్నందుకు సంతోషించి, శాస్త్రం సంగతి దాటవేశాను.

వాళ్ళ ఇద్దరు ఆడపిల్లలూ మౌనికను చుట్టుకుని, సబ్బు మురికిని ఎట్లా పోగొడుతుందో చెప్పించుకున్నారు.

ఆదివారం: హాస్టల్ కాగితం

శనివారం తూర్పుకు ప్రయాణం కూడదు కాబట్టి నేను ఆదివారం దాకా ఆగిపోయాను. ఆ పొద్దున బకెట్టు, చాప, దిండు కొని, మౌనికను హాస్టల్లో చేర్చడానికి పోయాం. సామాను కుర్మయ్య ఆటోలోనే.

వార్డెన్ పెద్దావిడ. ఫారం నింపుతూ నింపుతూ ఒక గడి దగ్గర ఆగింది.

"లోకల్ గార్డియన్. ఈ ఊర్ల మీకు ఎవరున్నరు?"

"దేవుడున్నడు," అన్నాను. నేను మనస్ఫూర్తిగా అన్న మాటే అది.

"దేవుని ఫోన్ నంబరు రాసుకోనికి రాదమ్మా. పిల్లకు పానం బాగ లేకుంటే ఫోన్ చేస్తే, అరగంటల వచ్చి నిలవడే మనిషి గావాలె. గా గడి నింపకుండ చేర్చుకోవద్దని రూలు."

సీటు వచ్చింది, జాగా లేదు. హాలియా నుంచి రోజూ వచ్చిపోవడం కుదిరే పని కాదు. మౌనిక నా వైపు చూసింది. దేవరకొండలో యాదమ్మ ఉంది, కల్వకుర్తిలో అంజయ్య ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళ భజనలో ఈ ఊరి మనిషి ఒక్కరంటే ఒక్కరు నా మనసుకు రాలేదు.

వరండాలో బకెట్టు దించుతున్న కుర్మయ్య చెప్పులు విడిచి గడప దగ్గరికి వచ్చాడు. "నన్ను రాసుకోండ్రి మేడం."

"నువ్వెవరు?"

"ఆటో."

"ఆటోను గార్డియన్ అని రాయాల్నా?"

"ఆటోను ఎందుకు మేడం, నన్ను రాయుండ్రి. పక్కనే ఇల్లుంది. ఇంట్ల నా భార్య ఉన్నది, ఇద్దరు ఆడపిల్లలున్నరు. ఆధార్ ఉన్నది."

వార్డెన్ ఊరికే ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే నాకు నచ్చింది. బాలమణికి ఫోన్ కలిపించి, ఇల్లు ఎక్కడ, పిల్లలు ఏ తరగతి అని పావుగంట అడిగింది. అవతల నుంచి బాలమణి గొంతు బయటి దాకా వినిపించింది. "రాసుకోండ్రి మేడం. ఆయన యాడ్నన్న తిరుగుతుంటే నేనే వస్త. నా నంబరే పైన రాయుండ్రి."

నేను సంతకం చేశాను. ముప్ఫై ఏళ్ళు సత్సంగం గురించి చెబుతూ వచ్చిన నోరు నాది. ఆ పొద్దున మాత్రం నేను చేసిందల్లా, బాలమణి నంబరు పైన ఉందో లేదో సరిచూడటమే.

"సంబంధం?" అంది వార్డెన్, పెన్ను ఎత్తిపట్టి.

కుర్మయ్య నన్ను చూశాడు, నేను మౌనికను చూశాను.

"చిన్నాయిన అని రాయుండ్రి మేడం," అంది మౌనిక.

కుర్మయ్య రుమాలు తీసి తల గోక్కున్నాడు. "గట్ల రాస్తే ఇగ కిరాయి ఎట్ల అడుగుతనమ్మా?"

"అడుగు చిన్నాయిన. నువ్వు అడుగకుంటే నేను ఇంకో ఆటో ఎక్కాల్సొస్తది."

వార్డెన్ ముద్ర వేసింది. మౌనిక బకెట్టు, చాప పట్టుకుని మెట్లెక్కింది, మలుపు దగ్గర తిరిగి చూసి చెయ్యి ఊపింది.

కుర్మయ్య నన్ను బస్టాండులో దింపి, అలవాటుగా వంద అడిగాడు. నేను బేరమాడకుండా తీసి ఇచ్చాను. అతను నోటును కాదు, నా ముఖాన్ని చూశాడు.

"ఏమాయెనమ్మా? పానం బాగ లేదా?" అన్నాడు.